అలసినవాళ్ల బల్ల

కోడుమూరు నుంచి కర్నూలుకు వచ్చే మొదటి బస్సు మా వీధిలోకి రాదు. ఆ రోజు వచ్చింది. డ్రైవరు దిగి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, మా గడప ముందు నిలబడ్డాడు. "అమ్మా, మీ డాక్టరమ్మ పోయిందమ్మా, తెల్లారుజామున. తిరుగు బస్సులో మిమ్మల్ని పిలుచుకోని రమ్మన్యారు" అన్నాడు. బస్సులో ఉన్నవాళ్లెవరూ ఆలస్యమవుతోందని గొణగలేదు. వాళ్లలో సగం మందికి ఆమె ఎప్పుడో ఒకప్పుడు నాడి చూసే ఉంటారు.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు తక్కువే. పేపర్లో పడే మనిషి కాదు. కమలాపురం దగ్గర పల్లెలో కాస్త మెట్టభూమి ఉన్న క్రైస్తవుల ఇంట పుట్టి, మిషను బడిలో చదివి, మద్రాసులో వైద్యం నేర్చుకుని, కోడుమూరులోని జిల్లా బోర్డు ఆసుపత్రికి వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం అయిపోయాక కూడా ఊరు విడవలేదు. మా వారు ఆ ఊరి బడిలో లెక్కల మాష్టారుగా, నేను ఆడపిల్లల బడిలో టీచరుగా ఉన్న రోజుల్లో మా రెండిళ్లకూ మధ్య ఒక మట్టిగోడ మాత్రమే ఉండేది. గోడ మీది నుంచి చింతాకు పొడి, ఊరగాయ, అప్పుడప్పుడు పోట్లాట కూడా దాటి వచ్చేవి.

ఆమె గురించి రాయమని పత్రికవాళ్లు అడిగినప్పుడు నాకు భయం వేసింది. చనిపోయినవాళ్లను మనం కొంచెం ఎత్తు చేసి నిలబెడతాం. ఆమె పొట్టిగా ఉండేవారు, అలాగే ఉండనివ్వాలి. నాడి చూస్తూ చర్చి పాట ఒకటి సన్నగా కూనిరాగం తీసేవారు. పాటలో పడి లెక్క తప్పి, "ఉండు, ఉండు" అని మళ్లీ మొదలుపెట్టేవారు. మజ్జిగలో నాలుగు మెతుకులు ఎక్కువైతే వంటమనిషి మీద కోపం, తక్కువైతే ఇంకా కోపం. కోపం వచ్చినప్పుడు కడప మాట, కర్నూలు మాట కలిసిపోయి, తిట్టించుకునేవాళ్లకు నవ్వొచ్చేది.

ఆసుపత్రి వసారాలో రెండు బల్లలు ఉండేవి. మొదటిది జ్వరాలకు, గాయాలకు, పురుటి నొప్పులకు. రెండోది గోడవారగా, మధ్యాహ్నం దాకా నీడ పట్టే చోట ఉండేది. దానికి ఆమె పెట్టిన పేరు అలసినవాళ్ల బల్ల. సత్తువ లేదు, కాళ్లు లాగుతున్నాయి, లేస్తే మళ్లీ పడుకోవాలనిపిస్తోంది అంటూ వచ్చేవాళ్లంతా అక్కడ కూర్చోవాలి. వాళ్ల వంతు అందరికంటే చివర. ఇదేం న్యాయమని ఒకసారి అడిగాను. "జ్వరమొచ్చినోన్ని చూసేదానికి చెయ్యి చాలు. అలిసినోన్ని చూసేదానికి పొద్దు కావల్ల. అందుకే చివరికి పెట్టుకుంటాండా" అన్నారు.

కాంపౌండరుకు ఆ బల్లంటే విసుగు. "ఈళ్లందరికీ ఒకటే ఎర్రమందు పోసి పంపిస్తే పాయె గదమ్మా" అనేవాడు.

"సంచి విప్పకుండానే బేరం జేస్తావేంప్పా నువ్వు? నీరసం అంటే సంచి. అందరూ వాళ్ల వాళ్ల సామాను దాంట్లో ఏసి మూతి కట్టుకోనొస్తారు. విప్పి చూడొద్దా?"

ఆ సంచి విప్పడానికి ఆమె దగ్గర ఒక ప్రశ్న ఉండేది. ఎన్నాళ్ల నుంచి, ఎంత అని ముందుగా అడగరు. "ఏ పని మొదట వదిలిపెట్టినావు?" అని అడిగేవారు. ఆ తర్వాత ఆగిపోయేవారు. అవతలి మనిషి ఆలోచించుకునేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. ఒక రైతు చాలాసేపు గడ్డం గోక్కుని, "గడ్డివామి ఎక్కేది ఇడిసిపెట్టినా తల్లీ. సగం ఎక్కేతలికి ఊపిరి అందల్యా" అన్నాడు. అతని గుండె మీద గొట్టం పెట్టి ఎంతోసేపు విన్నారు. ఒక నేతగాడు అడిగినది వదిలేసి ఇంకేదో చెప్పాడు: "పని యాడ ఇడిసిపెడతానమ్మా, నీళ్లు తాగేదానికి మాటిమాటికీ మగ్గం గుంతలోంచి లేస్తాండా, అంతే." ఆమె వెంటనే లేచి అతని మూత్రం తెప్పించి, నీలి మందు కలిపి స్పిరిటు దీపం మీద కాచారు. చక్కెర జబ్బు.

తర్వాత వరసగా అడిగేవారు. నిద్రపోయి లేచాక అలుపు తగ్గుతోందా, అట్లే ఉందా? సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతుందా? దగ్గుందా? రవిక వదులయిందా, బిగుతయిందా? నెలసరి ఎట్లుంది? తడి చేలల్లో వట్టి కాళ్లతో తిరుగుతావా? ఇంట్లో ఎవరైనా పోయారా? కింది రెప్ప లాగి చూడటం, గోళ్లు చూడటం, వీపు మీద వేళ్లతో తట్టి వినడం అన్నీ అయ్యాక, అప్పుడు నిర్ణయం. చాలామందికి మందు అక్కడే దొరికేది. కొందరికి మందు అక్కర్లేదని చెప్పేవారు. కొద్దిమందిని కర్నూలు పెద్దాసుపత్రికి పంపేవారు. ఆ కొద్దిమంది విషయంలోనే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

నేనూ ఆ బల్ల మీద కూర్చున్నదాన్నే. మా అమ్మ పోయిన ఏడాది అది. బి.ఏ. చదివిన నేను, నాకేమైందో నాకే చెప్పుకోలేక, గోడ దాటి వెళ్లి అందరితోపాటు కూర్చున్నాను. ఏ పని మొదట వదిలానని అడిగితే, చదవడం అన్నాను. ఆమె అన్నీ చూశారు. ఏమీ దొరకలేదు.

"ఏమీ లేదంటే నీకు అలుపు లేదని కాదు టీచరమ్మా. నాకు దొరకలేదని. పైకి పంపించేదానికి గూడా నీ దాంట్లో ఏం రాయాల్నో నాకు తోచల్యా. ఒక పని చెయ్యి. బడి అయినాక వచ్చి ఈ బల్ల చివర కూసో. నెల కాగానే మళ్లా చూస్తా."

అది వైద్యమో, వైద్యం లేక చెప్పిన మాటో నాకు ఇప్పటికీ తెలియదు. కూర్చున్నాను. మిగతావాళ్లు చెప్పేది విన్నాను. ఎప్పుడు మళ్లీ పుస్తకం చేతిలోకి తీసుకున్నానో గమనించలేదు. బల్ల పనిచేసిందా, కాలం పనిచేసిందా అని తర్వాత అడిగితే, "నాకేం తెలుసు, నువ్వే గదా కూసున్నది" అని నవ్వేశారు. అలా ఆ బల్ల చివర కూర్చోవడం అలవాటు కాబట్టే ఈరమ్మ సంగతి అంతా నా కళ్ల ముందు జరిగింది.

ఈరమ్మది కోడుమూరు పక్క పల్లె. మొగుడు మద్దిలేటి, జొన్న చేలున్న రైతు. వాళ్లకు ఒక కూతురు. ఎండలు ముదురుతున్న రోజుల్లో అత్త ఆమెను తీసుకొచ్చింది. ఈరమ్మ గొంగడి కప్పుకుని, వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. చలిజ్వరమని అందరం అనుకున్నాం.

ఇక్కడ డాక్టరమ్మ పద్ధతి ఒకటి చెప్పాలి. కోడలు వస్తే అత్తను బయట కూర్చోబెట్టేవారు. అత్త ముందు ఏ కోడలూ నోరు విప్పదని ఆమె అనుభవం. ఎంతోమంది ఆడవాళ్లు ఆ మూసిన తలుపు వెనకే తమ కష్టం చెప్పుకున్నారు. మంచి పద్ధతే. ఈరమ్మ విషయంలో మాత్రం అదే తప్పు దారి పట్టించింది.

ఆడవాళ్లను చూసేటప్పుడు సాయానికి నన్ను లోపలికి పిలిచేవారు. లోపల ఏ పని మొదట వదిలావని అడిగితే ఈరమ్మ చాలాసేపటికి, "యేమీ లేదమ్మా. బాగానే ఉండా" అంది. మాట బరువుగా, ఈడ్చుకుంటూ వచ్చింది. ఇంకేం అడిగినా అదే. రెప్ప లాగితే పాలిపోయి ఉంది. చలిజ్వరానికని చేదు మాత్రలు ఇచ్చారు, ఇనుము కలిసిన ఎర్రమందు ఇచ్చారు. మళ్లీ వచ్చింది, అట్లే ఉంది. మందు మార్చారు. మళ్లీ వచ్చింది. "నా చేతిలో ఏదో జారిపోతాండాది" అని ఆ సాయంత్రం గోడ దగ్గర నాతో అన్నారు. అలాంటి మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.

ఆ తర్వాతి సారి అత్త బయట కూర్చోలేదు. తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది.

"ఏమమ్మా డాక్టరమ్మా! నన్ను బయట కూసోబెట్టి లోపల గుసగుసలాడుకుంటాండారు. ఎర్రమందాయె, చేదు మాత్రలాయె. ఒక్క మాట చెప్పు. దీనికి రోగముండాదా, ఒళ్లు వంచలేకుండాదా? రోగముంటే ఉండాదని చెప్పు. లేకుంటే వచ్చే అమాసకు మా తమ్ముడు బిడ్డను పిలుచుకోనొస్తాండాడు. నా కొడుక్కు కట్టబెడతా. ఇది పుట్టింటికి పోయి పొద్దుమూకులూ పండుకోనీ."

డాక్టరమ్మ లేచి, ఆమెను బయటికి పొమ్మనడానికి చెయ్యి ఎత్తారు. ఈరమ్మ మెల్లగా తలెత్తి అత్తను చూసింది. ఏడవలేదు. ఆ మాటలు ఆమెను చేరడానికే కొంతసేపు పట్టినట్టుంది. డాక్టరమ్మ ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

"ఒళ్లు వంచదంటే ఏం చేయదు? చెప్పు" అన్నారు డాక్టరమ్మ.

"ఏం చెప్పల్ల? ఊరంతా ఎండకు ఉడికిపోతాంటే ఇది పొయ్యి కాడ గొంగడి కప్పుకోని కూసుంటాది. పిలిస్తే పలికేతలికి పొయ్యి ఆరిపోతాది. తినేది పిడికెడు, మొగం చూడు, బూరె పొంగినట్ల పొంగిండాది. సంగట్లో చూస్తే ఎంటికలు. నిన్న చెప్పింది ఈ పొద్దుకు గుర్తుండదు. ఆ గొంతు చూడు, మగోని గొంతు మాదిరి!"

"గొంతు ముందెట్లుండేది?"

అత్త కోడలి వైపు తిరిగింది. స్వరం తగ్గింది. "ముందా? ముందు మంచె ఎక్కి ఒక్క కూత ఏసిందంటే మా చేన్లో పిట్టలే గాదు, పక్కోళ్ల చేన్లోవి గూడా లేసేవి. కోడల్ని తెచ్చుకున్యావా, నగారా తెచ్చుకున్యావా అని ఊరోళ్లు నన్ను ఎగతాళి జేస్యారు. నాకు లోపల గర్వమే లే. పోయినేడు మంచె ఎక్కి కూసుంది, కూత రాల్యా. చేను సగం పిట్టల పాలాయె."

"ఇంగా తిట్టు" అన్నారు డాక్టరమ్మ.

"ఆ?"

"తిట్టంటాండా. ఆపొద్దు. కూసోని తిట్టు."

అత్త కూర్చుని తిట్టింది. తిట్టిన ప్రతిదానికీ డాక్టరమ్మ ఒక్కొక్కటిగా ఈరమ్మ ఒంటి మీద చూసుకుంటూ పోయారు. ఉబ్బిన చెంపను, కాలిని వేలితో నొక్కారు, నీటివాపైతే పడాల్సిన గుంత పడలేదు. చర్మం ఎండిన చెక్కలా ఉంది. కనుబొమల చివరలు రాలిపోయాయి. నాడి పట్టుకున్నారు. ఈసారి పాట లేదు. ఎంత నిదానంగా కొట్టుకుంటోందో, లెక్క తప్పే అవకాశమే లేదు.

"రోగముండాదని నా అనుమానం" అన్నారు చివరికి. "ఈమె పనిదొంగ గాదు. రోగానికి పేరు పెట్టి మందు తెప్పించేటోళ్లు మాత్రం కర్నూల్లో ఉండారు. పెద్దాసుపత్రికి పోవల్ల."

అత్త ముఖం మాడిపోయింది. "పెద్దాసుపత్రికా? ఆడికి పోయినోళ్లు తిరిగొస్తారా?"

"రాకుంటే నీకు మంచిదే గదా? మీ తమ్ముని బిడ్డకు అడ్డముండదు."

"తప్పు మాట్లాడొద్దు డాక్టరమ్మా! పుట్టింటికి పొమ్మన్యా గాని, సావమన్యానా నేను?"

"అయితే నువ్వే పిలుచుకోని పో. ఈడ తిట్టిందంతా ఆడ గూడా చెప్పు."

పైకి పంపేటప్పుడు ఆమె రాసే చీటీ పొడుగ్గా ఉండేది. ఇంగ్లీషులో రాసి, అంటించే ముందు రోగికి తెలుగులో చదివి వినిపించేవారు. తన గురించి తనకు తెలియని మాటను ఏ మనిషీ చేత్తో మోసుకుపోకూడదని ఆమె పట్టుదల. ఈరమ్మ చీటీలో మంచె గురించి, కూత గురించి కూడా రాశారు. నాకు అది ఎక్కువేమో అనిపించింది. పెద్ద డాక్టర్లు ఇవన్నీ చదువుతారా అన్నాను.

"జబ్బు సంగతి వాళ్లకు నా కంటే ఎక్కువ తెలుసు. ఈ మనిషి ముందెట్లుండేదో వాళ్లకు తెలీదు. వాళ్లు చూసేది ఈ పొద్దు మొగమే. ఆ సగం నేను చెప్పకుంటే ఇంగెవరు చెప్తారు?"

అత్తాకోడళ్లు కర్నూలు వెళ్లి, టానిక్కు సీసాతో తిరిగి వచ్చారు. జనం రద్దీలో ఎవరో కుర్ర డాక్టరు చీటీ పైపైన చూసి, రక్తం తక్కువ, బాగా తినమని చెప్పాడట. అత్తను లోపలికే రానివ్వలేదట. డాక్టరమ్మ ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "నేను ఇన్నాళ్లూ జేసిన తప్పే ఆ పిల్లోడు ఒక్క పూటలో చేస్యాడు" అన్నారు. అమావాస్య దగ్గర పడుతోంది. మర్నాడు సెలవు పెట్టి తానే బయలుదేరారు. బడికి సెలవులు కాబట్టి నేనూ వెంట వెళ్లాను.

పెద్దాసుపత్రిలో ఆమె తాను డాక్టరునని చెప్పి ముందుకు దూరలేదు. మాతోపాటు నేల మీద కూర్చున్నారు. వంతు వచ్చాక పెద్ద డాక్టరు దగ్గరికే తీసుకెళ్లారు. తెల్లకోటు, బంగారు కళ్లద్దాలు, చుట్టూ కుర్ర డాక్టర్లు. ఆయన మర్యాదగానే అడిగారు, "ఏమ్మా, నీ కోడలికి ఏం కష్టం?"

అత్త కొంగు భుజాల నిండా కప్పుకుంది. తల వంచుకుంది. "ఏం లేదు సామీ. బంగారం లాంటి పిల్ల. అన్ని పనులూ చేస్తాది."

నేను తెల్లబోయాను. కోడుమూరులో తలుపు తోసుకొచ్చి అరిచిన మనిషి! అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఇంటి ఆడదాన్ని ఇంట్లో తిట్టవచ్చు, డాక్టరమ్మ ఇంటి మనిషి లాంటిది కాబట్టి ఆమె ముందూ తిట్టవచ్చు. కోటు వేసుకున్న పరాయి మగవాళ్ల ముందు మాత్రం తన కోడలిని ఎలా తక్కువ చేస్తుంది? ఆ ఒక్క మర్యాద వల్ల ఈరమ్మ ఇంకో టానిక్కు సీసాతో ఇల్లు చేరి, అక్కడి నుంచి పుట్టింటికి చేరి ఉండేది. పెద్ద డాక్టరు అప్పటికే తర్వాతి చీటీ వైపు చూస్తున్నారు.

డాక్టరమ్మ లేచి అత్త చెయ్యి పట్టుకున్నారు. "సరే, పాండి పోదాం. అన్ని పనులూ చేస్తాదంట. మీ తమ్ముని బిడ్డ కంటే పనిమంతురాలన్న మాట. ఇంటికి పోయి నీ తమ్మునికి అదే చెప్పు."

"యాడ చేస్తాది!" అని అరిచేసింది అత్త. ఆ గది గోడలు అలాంటి గొంతు విని ఉండవు. "ఎండల్లో గొంగడి కప్పుకోని పొయ్యి కాడ కూసునేది పనా? పిలిస్తే పలకంది పనా? మంచె మీద కూత రాంది పనా? ముందు ఇట్లుండెనా ఇది? ఎట్లుండె నా కోడలు! ఎవరికి ఏం పాపం జేస్తిమో, మనిషినెవరో ఎత్తుకపోయి ఈ మొద్దును ఈడ పెట్టి పోయిరి!" అంటూ ఏడ్చేసింది. అంత తిట్టిన మనిషి ఏడవడం నేను అప్పుడే చూశాను. ఆమె కూడా అన్నాళ్లూ ఆ పాత కోడలి కోసం వెతుక్కుంటూనే ఉందేమో.

పెద్ద డాక్టరు చేతిలో ఉన్న చీటీని కింద పెట్టారు. ఈరమ్మ దగ్గరికి వచ్చి, "నీ పేరు చెప్పమ్మా" అన్నారు. ఆమె చెప్పేదాకా ఓపిగ్గా ఆగారు. ఆ గొంతు విని, కుర్ర డాక్టర్లను దగ్గరికి పిలిచారు. మెడలో ఉండే ఒక గ్రంథి పని మానేస్తే మనిషి ఇలా చల్లబడి, నెమ్మదిస్తుందని, గొర్రె మెడలోని అదే గ్రంథిని ఎండబెట్టి చేసిన మాత్రలు మద్రాసు నుంచి తెప్పించవచ్చని చెప్పారు. ఎన్నాళ్లు తినాలని అడిగితే, బతికినన్నాళ్లూ అన్నారు.

అమావాస్యకు అత్త తమ్ముడు కూతురిని తీసుకుని రానే వచ్చాడు. అత్త వాళ్లకు కడుపు నిండా పెట్టి, "నా కోడలికి రోగమంట. రోగమున్న మనిషిని బయటికి తోస్తే ఊరు నా మొగాన ఊస్తాది. బాగయినాక గూడా పనిదొంగ అయితే అప్పుడు చూస్తాం, పొయ్యిరా" అని పంపించేసింది. ఈ మాటలు మద్దిలేటే వచ్చి మాకు చెప్పాడు. చెబుతూ నవ్వాడు. అతను నవ్వడం అదే మొదలు. అప్పటిదాకా తల్లి మాటకూ పెళ్లాం మౌనానికీ మధ్య నలిగి, బండి తోలడం తప్ప ఏమీ చేయలేకపోయినవాడు.

మాత్రలు కొంచెం కొంచెంగా మొదలుపెట్టారు. గుండె తట్టుకోవాలి కదా, అని డాక్టరమ్మ వారం వారం నాడి చూసేవారు. చాలాకాలం ఏమీ మారినట్టు కనపడలేదు. నాకు నమ్మకం సడలింది. ఒకరోజు ఈరమ్మ వసారా మెట్టు ఎక్కుతూ గొంగడి తీసి భుజాన వేసుకుని, "అబ్బ, ఏం ఎండలమ్మా ఇవి, సంపుతాండాయి!" అంది. డాక్టరమ్మ చేతిలో ఉన్న గ్లాసు అక్కడే పెట్టేసి, "ఇంగోసారి అను" అన్నారు. ఎండను తిట్టినందుకు అంత సంబరపడిన మనిషిని కర్నూలు జిల్లాలో నేను ఇంకెక్కడా చూడలేదు. అత్త మాత్రం తన ధోరణిలోనే ఉంది: "గొర్రె గొంతు తింటే గాని దీని గొంతు రాల్యా. ముందే తెలిసింటే మందనే తోలుకొద్దును గదా!"

ఆ తర్వాత డాక్టరమ్మ పద్ధతి మారింది. కోడలితో ఒంటరిగా మాట్లాడటం మానలేదు. అది అయ్యాక అత్తను కూడా లోపలికి పిలిచి, "ఇప్పుడు నీ వంతు. మనసారా తిట్టుకో" అనేవారు. ఊళ్లో ఆడవాళ్లకు అది వేడుకైపోయింది. ఆమెకు మాత్రం వేడుక కాదు. ఒక సాయంత్రం గోడ మీద మోచేతులు ఆనించి, "ఈమెకు ముందు ఎంతమంది ఈరమ్మలకు ఎర్రమందు పోసి పంపించినానో టీచరమ్మా" అన్నారు. అవన్నీ మీరు ఊహించుకుంటున్నారేమో అన్నాను. "ఏమో. తెలియదు గదా, అదే" అన్నారు. నాకు ఆమెతో బంధం కలిసింది ఆ 'ఏమో' దగ్గరే అనుకుంటాను. తెలియదని చెప్పి, ఆ మాటతో ఆగిపోకుండా, తెలిసినవాళ్లు ఎక్కడున్నారో వెతికేవారు. నేను తెలియదన్న చోటే కూర్చుండిపోయేదాన్ని.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, మేం కర్నూలుకు మారిపోయిన తర్వాత, ఆమెను చూడటానికి వెళ్లాను. నడక నెమ్మదించింది. చీలమండల దగ్గర వాపు. నేను ధైర్యం చేసి, "మీరు ఏ పని మొదట వదిలిపెట్టారు?" అని అడిగాను. ఆమె పకపక నవ్వి, దగ్గి, "చర్చిలో పాటకు లేసి నిలబడేది. కూసోనే పాడతాండా. దేవుడు పట్టించుకోల్యా, పాస్టరే పట్టించుకున్యాడు" అన్నారు. కర్నూలు వెళ్లి చూపించుకున్నారా అంటే, చూపించుకున్నానని, తన చీటీ తానే రాసుకుని తానే చదువుకున్నానని చెప్పారు. గుండె అలిసిపోయిందన్నారట. ఇంక పంపడానికి పై చోటు లేదు. ఆ మాట తేలిగ్గానే అన్నారు. లోపలి నుంచి వేయించిన వేరుశనక్కాయలు తెచ్చి నా ఒళ్లో పోశారు.

ఆమె పోయిన రోజు తిరుగు బస్సులో నేను వెళ్లేసరికి పెట్టె మూసేశారు. ముందు రోజే వాన పడింది. శ్మశానం ఊరవతల నల్లరేగడిలో. తడిసిన రేగడి సంగతి మీకు తెలిసిందే, అడుగు వేస్తే చెప్పుతోపాటు నేల కూడా లేచి వస్తుంది. పాస్టరుగారు ప్రార్థన చదివారు. మగవాళ్లు తలా ఒక పిడికెడు మట్టి వేశారు, తర్వాత ఆడవాళ్లం వేశాం. నా పిడికెడు మట్టి వేళ్లకు అంటుకుని రాలలేదు.

తర్వాత గుంత పూడ్చడానికి మనుషులు పారలు అందుకున్నారు. పక్కన గంపలు ఉన్నాయి. ఆడవాళ్ల గుంపులోంచి ఒక మనిషి ముందుకు వచ్చి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. ఈరమ్మ. జుట్టు నెరుస్తోంది. పారతో ఉన్న అతను, "నువ్వెందుకమ్మా, మగోళ్లం ఉండాం గదా" అన్నాడు. పాస్టరుగారు కూడా ఏదో అనబోయారు. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. గంప నింపమని అతని ముందు పెట్టింది. అతను సగమే నింపాడు. "నిండుకా పొయ్యి" అంది.

తడి రేగడి నిండిన గంప ఎంత బరువుంటుందో మోసినవాళ్లకే తెలుసు. ఆమె దాన్ని ఎవరి సాయం లేకుండా తల మీదికి ఎత్తుకుంది. గుంత అంచు దాకా నడిచి, వంగి, మట్టి మెల్లగా జారేలా దించింది. ఖాళీ గంపతో వెనక్కి వచ్చింది. మళ్లీ ముందు పెట్టింది. పక్కన ఆమె అత్త కర్ర పట్టుకుని కూర్చుని, "నిదానం, నిదానమే ఈరీ, జారుతాది" అంటూ ఉంది. గుంత నిండి, నేల పైకి లేచి, గుట్ట అయ్యేదాకా ఎవరూ ఆమె చేతిలోంచి గంప తీసుకోలేకపోయారు. మేమందరం మోకాళ్లు నొప్పిపుట్టి ఎక్కడివాళ్లం అక్కడ చతికిలబడ్డాం. ఆమె ఒక్కతే నిలబడి, ఆ నల్లటి మట్టిని రెండు అరచేతులతో తడుతూ, గుట్ట చుట్టూ తిరుగుతూ ఉంది.